మేడ మీద వేసిన బోర్లు

గిద్దలూరులో ఒక మేడ మీద మేం మూడువందల పన్నెండు బోర్లు వేశామంటే మీరు నమ్మరు. నన్నెరిగినవాళ్ళయితే అసలే నమ్మరు. నేను నోరు తెరిస్తే రాచర్ల మేకలు కూడా మొహం తిప్పుకుంటాయని నాకో పేరుంది. ఈ ఒక్క సంగతికి మాత్రం సాక్ష్యం ఉంది. కాబట్టి ముందు వినండి, తిట్టేది తర్వాత తిట్టండి.

నా పేరు గురుస్వామి. మాది రాచర్ల పక్కన ఊరు. చదువు ఐదో తరగతి. ఆరో తరగతికి వాగు దాటి పోవాలి. వాగు ఎండిపోయి ఉన్నా పొంగుతోందని ఇంట్లో చెప్పి బడి మానేశాను. నీళ్ళ గురించి నేనాడిన మొదటి అబద్ధం అదే. ఆ తర్వాత దాన్నే వృత్తిగా పెట్టుకున్నాను. అంటే, నీళ్ళు చూసే పని. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేను చుట్టూ తిరగాలి. కింద జల ఉంటే టెంకాయ లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పాతి పాయింటు పెడితే మర్నాడు బోరుబండి వస్తుంది. నా టెంకాయ జోరు మామూలుది కాదు. కొనకనమిట్ల దగ్గర ఒకసారి నన్ను రెండు చేల అవతలికి లాక్కుపోయి, ఎవరిదో పెళ్ళి బంతిలో కూర్చోబెట్టింది. నెయ్యి కూడా బాగానే వేశారు.

నలభై ఏళ్ళలో నా పాయింటు తప్పింది రెండేసార్లని చెప్పుకుంటూ తిరిగాను. ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి అదే నిలబడింది.

ఇక మేడ సంగతి. గిద్దలూరులో కోటేశ్వర్లు శెట్టికి మోటార్ల దుకాణం ఉంది. బోరు వేసినవాడు మోటారుకు అక్కడికి రావాలి, కాబట్టి నాకూ ఆయనకూ పాత స్నేహం. ఆయన కూతురు తనూజ మార్కాపురంలో కంప్యూటర్ చదువు చదివి, హైదరాబాదులో ఫోన్ ఆటలు తయారుచేసే కంపెనీలో రెండేళ్ళు పనిచేసింది. అక్కడ మిఠాయిల మీద మిఠాయిలు పేర్చే ఆటకు రంగులు మార్చి మార్చి విసుగుపుట్టి తిరిగొచ్చింది. వస్తూనే తండ్రి ముందు కూర్చుని, మన దుకాణంలోనే ఒక ఆటల విభాగం పెడదామంది.

"మోటార్ల దుకాణానికి ఆటలేందే?" అన్నాడు శెట్టి.

"ఏటేటా క్యాలెండర్ ఎందుకేస్తున్నావు నాయనా?"

"జనం గోడకు తగిలించుకుంటారని."

"జనం ఇప్పుడు గోడ చూడ్డం ల్యా. ఫోన్ చూస్తన్నారు."

వ్యాపారం చేసేవాడికి వ్యాపారం మాటే చెప్పాలి. పైపులు పెట్టుకునే మేడగది ఖాళీ చేయించి ఇచ్చాడు. రెండేళ్ళ గడువు, ఆ తర్వాత కలిసొచ్చిందో లేదో చూస్తానన్నాడు. తనూజ తోడుగా శ్యాంసన్‌ను పెట్టుకుంది. అతను ఊళ్ళలో గోడల మీద మోటార్ల బొమ్మలు వేసేవాడు. అతనే మెట్ల దగ్గర బోర్డు రాశాడు: "కోటేశ్వర్లు మోటార్స్, ఆటల విభాగం, పైన." కింద బాణం గుర్తు. పైకెక్కినవాళ్ళలో సగం మంది క్యారమ్స్ ఉన్నాయా అని అడిగి దిగిపోయేవాళ్ళు.

మొదటి ఆట ఆటో ఆట. గిద్దలూరులో మోటారు ఎక్కించుకుని రాచర్ల చేరాలి, దారిలో మేకలు అడ్డం వస్తాయి, వాటిని తప్పించుకోవాలి. శ్యాంసన్ మేకలను మేకలుగానే వేశాడు. ఒక్కోదానికి ఒక్కో మొహం, ఒక్కో పొగరు. హారన్ కొడితే జరగాలా వద్దా అని తనూజ నన్నడిగింది. నేను అప్పటికి టీ తాగడానికి పైకెక్కడం మొదలుపెట్టాను.

"రాచర్ల మేక హారన్‌కు జరిగేదేందమ్మా! అది నీ మొగం చూసి, ఆటో నంబరు చూసి, అప్పుడు ఆలోచిస్తది" అన్నాను.

అట్లాగే పెట్టింది. ఆడినవాళ్ళలో ఒక్కరూ రాచర్ల చేరలేదు. శెట్టి స్వయంగా ఆడి, రెండు గంటలు మేకల మధ్య నిలబడి, ఫోన్ గల్లాపెట్టె మీద పడేశాడు. ఆ ఆట అక్కడితో సరి. తనూజ ఒక్క మేకను కూడా పక్కకు జరపలేదు. ఆ పిల్ల మొండితనం నేను అప్పుడే గమనించాను.

రెండో ఆట బోరు ఆట. ఆడేవాడికి నాలుగెకరాల మెట్టచేను. వాన పడితే సజ్జ, కంది. పడకపోతే గొర్రెలు. ఎప్పుడు కావాలంటే అప్పుడు బోరు వేయొచ్చు. టెంకాయ పట్టుకుని నడిచే ముసలాడొకడు ఉంటాడు. శ్యాంసన్ వాడికి నా మొహమే పెట్టాడు, ముక్కు మాత్రం కొంచెం పెద్దది చేశాడు.

తయారవుతున్నప్పుడు నన్ను ఆడమన్నారు. వేలితో ఐదుసార్లు పొడిచాను. ఐదోసారికి నీళ్ళు ఎగిరాయి.

"ఇది ఏ చేను?" అన్నాను.

"ఏ చేనూ కాదు పెద్దనాయనా, ఊరికే చేను. కంప్యూటరే పాచిక వేసినట్ల వేసి, పడిందీ పడలేదూ చెప్తది."

"ఏ చేనూ కాని చేన్లో నీళ్ళెట్ల పడతాయమ్మా? కింద బండ యాడుంది, జల యాడుంది? పాచిక వేసి నీళ్ళు చెప్పే పని నేను నలభై ఏళ్ళు చేసినా. దానికి కంప్యూటర్ ఎందుకు?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. తనూజ నావైపు కాసేపు చూసింది. పాచిక తీసేసింది.

ఆ ఎండాకాలమంతా మేం ముగ్గురం బోర్లు రాసుకుంటూ తిరిగాం. ఆటోలో రాచర్ల, కొనకనమిట్ల, దర్శి రోడ్డు పొడుగునా. ఎవరి చేను, ఎన్ని అడుగులు, ఏ ఏడు, నీళ్ళు పడ్డాయా లేదా. నాకు గుర్తున్నవి నేను చెప్పాను, లేనివి చేను గలవాళ్ళను అడిగాం. చివర్లో ఇంకో గడి ఉంది: పాయింటు ఎవరు పెట్టారు. ఆ గడి వద్దని నేను వంద రకాలుగా చెప్పి చూశాను.

"ఉండాల పెద్దనాయనా. బయటికి కనపడదులే" అంది తనూజ.

మూడువందల పన్నెండు బోర్లు తేలాయి. నీళ్ళు పడినవి నలభై ఒకటి. మిగతావన్నీ దుమ్మే. వాటిని ఒక్కొక్కటిగా చేత్తో కంప్యూటర్లో ఎక్కించింది. ఆటలో మీరు ఎక్కడ పొడిచినా అది ఒకరి చేను, ఒకరి బోరు. అక్కడ వాళ్ళకేమైందో మీకూ అదే అవుతుంది.

దుమ్ము లేస్తే ఆడేవాడు ఫోన్ పారేస్తాడు కదా అని శ్యాంసన్ భయపడ్డాడు. దానికి మందు నేనే కనిపెట్టాను. దుమ్ము లేచిన ప్రతిసారీ ఆటలో ముసలాడు ఓదార్పుగా ఒక కోత కోస్తాడు. నా గొంతే. ఒక బోరుకు ఇట్లా చెప్పాను: "ఆరొందల అడుగులు పోయినాక బోరుబండి బిట్టు పోయి ఆదిశేషుడి పడగకు తగిలింది నాయనా. ఎవుర్రా అదని గదమాయించినాడు. కొనకనమిట్ల వాళ్ళం సామీ అన్నాం. పాపం అని ఆయనే బిట్టును పైకి తోసినాడు." ఎండిన బోర్లు రెండువందల డెబ్భై ఒకటి, నా కోతలు రెండువందల డెబ్భై ఒకటి. ఒక్కటి కూడా రెండోసారి వాడలేదు. నీళ్ళు పడినచోట కోత లేదు, మోటారు చప్పుడు ఒక్కటే.

అదే పట్టుకుంది. జనం ఎండిన బోరు కోసమే వెతకడం మొదలుపెట్టారు. బస్సుల్లో, టీ బంకుల దగ్గర నా గొంతు వినపడేది. "నాకు నీళ్ళు పడినాయిరా, ఛీ" అని ఒకడు బాధపడుతుంటే నా చెవులతో నేనే విన్నాను. ఇది కోత కాదు.

అప్పుడొచ్చాడు పవన్. శెట్టి అమ్మే మోటార్లు తయారుచేసే కంపెనీలో ప్రచారం పనులు చూసే కుర్రాడు. మంచివాడే, మర్యాద తెలిసినవాడు. చెప్పులు మెట్ల కిందే విడిచి పైకెక్కాడు. ఆట తమకు చాలా నచ్చిందన్నాడు. ఆరు రాష్ట్రాల్లో తమ డీలర్లందరి ఫోన్లలో పెడతామన్నాడు. ఈ మేడగదే కంపెనీ సొంత ఆటల విభాగం అవుతుందన్నాడు. తనూజ దానికి పెద్ద, ఇంకా పదిమందిని ఇస్తామన్నాడు. శెట్టికి జిల్లా మొత్తం డీలరుతనం. శ్యాంసన్‌కు గీసుకోవడానికి అద్దంలాంటి పలక.

"ఒక్క చిన్న మార్పు. మూడో బోరుకు తప్పకుండా నీళ్ళు పడాలి. మా మోటారు బిగించగానే చేను పచ్చగా అయిపోవాలి. అంతే" అన్నాడు.

"పడవు" అంది తనూజ.

"ఆటే కదండీ."

"ఆటే. మా చేలల్లో ఆట."

శెట్టికి కోపం వచ్చింది. ఆయన పెట్టిన రెండేళ్ళ గడువు ఆ శనివారానికి తీరుతుంది. "రేపు మధ్యాన్నం దాకా చూస్తా. నువ్వు మార్చకపోతే ఈ గదిలోకి మల్ల పైపులెక్కుతాయి. ఆటలూ వద్దు, విభాగమూ వద్దు" అని దిగిపోయాడు.

పవన్ వెళ్తూ నా దగ్గర ఆగాడు. ఎవరో చెప్పినట్టున్నారు, నా సంగతి తెలుసుకున్నాడు. "తాతగారూ, కొత్త ఆటలో మీ టెంకాయ ఎప్పుడూ తప్పదు. ఆరు రాష్ట్రాల్లో మీరే నీళ్ళ దేవుడు. మీరు చెబితే ఆ అమ్మాయి వింటుంది" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆశ పుట్టింది. ఆరు రాష్ట్రాలు! రెండేసార్లు తప్పిందన్న నా మాట ఒక మండలం దాటి పోలేదు ఎప్పుడూ. ఇప్పుడు కన్నడం వాళ్ళూ మరాఠీ వాళ్ళూ నా టెంకాయకు దండం పెడతారు. మర్నాడు పొద్దున తనూజకు నచ్చచెబుదామనే మెట్లెక్కాను. పూర్తిగా ఎక్కేసరికి శెట్టి, పవన్ నాకంటే ముందే వచ్చి ఉన్నారు. శ్యాంసన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తనూజ కుర్చీలోంచి లేచి తండ్రికి చోటిచ్చింది.

"ఒక్క అంకె మార్చేదానికి ఇంత రాద్ధాంతమా? ఏదీ ఆ అంకె, నేనే మారుస్తా" అంటూ కూర్చున్నాడు శెట్టి.

"మార్చు నాయనా."

తెర మీద ఆ పట్టిక తెరిచింది. పవన్ వంగి చూసి నవ్వాపుకోలేకపోయాడు. "ఇదేంటండీ! ఒక్కొక్క బోరూ చేత్తో ఎక్కించారా? ఎవరైనా ఇట్లా చేస్తారా? రెండు లైన్లు రాస్తే కంప్యూటరే చూసుకునేది కదా."

"చూసుకునేది. అందుకే రాయలేదు" అంది తనూజ.

"సరే సార్, ఇందులో ఇంకో అరవైకి పైగా బోర్లకు 'లేదు' తీసేసి 'ఉంది' అని కొట్టండి. మూడింటికొకటి వస్తే చాలు. ఏవైనా ఒకటే."

శెట్టి కళ్ళజోడు సర్దుకుని మొదటి వరుస చదివాడు. "రామతులసమ్మ, కొనకనమిట్ల, వాగు పక్క చేను, ఆరువందల నలభై అడుగులు. లేదు." వేలు మీట మీద పెట్టి తీశాడు. "ఈమెది వద్దులే. ఆ ఏడు మోటారు ముందే కొనుక్కుపోయింది. మల్ల నెత్తిన పెట్టుకోని తెచ్చి వాపసు ఇచ్చింది. నేనే దించినా."

"రెండోది చూడండి సార్."

"ఆంజనేయులు, రాచర్ల, బత్తాయి తోట, ఐదొందల ఎనభై." శెట్టి కిటికీలోంచి కింద అరుగు వైపు చూశాడు. "ఇతను రోజూ మన అరుగు మీదే కూర్చుంటాడు. తోట కొట్టేసినాక వచ్చి కూర్చోబట్టె. ఇతనికి నీళ్ళు పడినాయని నేను రాస్తే, పొద్దున ఆ మనిషి మొగం ఎట్ల చూసేది?"

"సార్, ఆయనకు తెలియదు కదా."

"నాకు తెలుసు కదయ్యా!"

ఇంకో వరుస, ఇంకో వరుస. ప్రతిదానికీ ఒక మనిషి ఉన్నాడు. ప్రతి మనిషీ ఆయన దుకాణం గడప తొక్కినవాడే. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది ఎవురు ఎక్కించినారు?"

నేను చూశాను. కోటేశ్వర్లు, గిద్దలూరు, ఇంటి వెనక, ఏడువందల పది అడుగులు. లేదు. మోటార్లమ్మే మనిషి ఇంట్లో బోరు ఎండిందని తెలిస్తే నగుబాటని, పదేళ్ళుగా ఇంట్లోవాళ్ళకూ పాయింటు పెట్టిన నాకూ తప్ప ఎవరికీ తెలియకుండా దాచుకున్న బోరు అది.

"నేనే ఎక్కించమన్నా శెట్టీ. దొంగబోరు ఒక్కటి వదిలేస్తే మిగతావి ఊరుకుంటాయా?" అన్నాను.

పవన్ వెంటనే అందుకున్నాడు. "అయితే ముందు మీ బోరుకే 'ఉంది' కొట్టండి సార్. శుభం."

శెట్టి కుర్చీ తిప్పి అతని మొహంలోకి చూశాడు. "కింద మా ఇంటావిడ కృష్ణవేణమ్మ ట్యాంకరు కాడ బిందె పెట్టుకోని నిలబడి ఉంది. పోయి మన బోర్లో నీళ్ళు పడినాయని చెప్పిరాపో. ఆ బిందె నీ నెత్తిన పడకపోతే అప్పుడు కొడతా."

శెట్టి మళ్ళీ తెర వైపు తిరిగి, పక్క గడి మీద వేలు పెట్టాడు. నేను వద్దనుకున్న గడి. "పాయింటు, గురుస్వామి. కిందది, గురుస్వామి. దాని కింద గురుస్వామి. అన్నా! ఇవన్నీ నీవేనా? రెండేసార్లు తప్పిందన్నావే!"

శ్యాంసన్ పక్కున నవ్వాడు. పవన్ నావైపు ఆశగా చూశాడు. ఒక్క మాట చాలు. మార్చేయండి శెట్టీ అంటే అవన్నీ పచ్చబడతాయి. ఆ మూడువందల పన్నెండులో నావి తొంభై ఏడు, అందులో నీళ్ళు పడినవి పదకొండు. ఈ లెక్క ఆ గదిలో నేను కాక తనూజకొక్కదానికే తెలుసు. ఏడాదిగా ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. నన్ను చూసినప్పుడు కూడా ఎరగనట్టే ఉంది.

"పదకొండు పడినాయి. ఎనభై ఆరు పడలా" అన్నాను. "ఇప్పుడందరూ వినండి. పులిని మీసం పట్టి లాగినాననేది నేనే. ఆదిశేషుడితో మాట్లాడినాననేది నేనే. ఇంకా కోస్తా, సచ్చేదాకా కోస్తా. కానీ ఆ ఎనభై ఆరు చేలల్లో మనుషులు నా టెంకాయను చూసి బోరేసినారు. ఆ దుమ్ము నాది. దాన్ని నీళ్ళని రాసేదానికి ఈ కంపెనీ ఎవురు, నేనెవురు? ఒక్క బోరు కూడా మార్చబాకండి."

"తాతగారూ, ఇట్లాగైతే ఎవరూ ఆడరు" అన్నాడు పవన్, నెమ్మదిగానే.

"ఆడకపోతే మానేయమను. మేం మానేసినామా?" అన్నాడు శెట్టి.

ఆ మాటతో ఆయన మోటార్ల కంపెనీకి, జిల్లా డీలరుతనానికి, ఆరు రాష్ట్రాలకు ఒక్కసారే దండం పెట్టేశాడు. పవన్‌ను అన్నం తినకుండా పోనివ్వలేదు. కృష్ణవేణమ్మ గోంగూర వేసింది. పాపం, బాగానే తిన్నాడు. పోతూ పోతూ బస్సులో తన ఫోన్లో ఆ ఆటే ఆడుతున్నాడని శ్యాంసన్ చెప్పాడు. శ్యాంసన్ కూడా నా దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి దాన్ని మీరు సగమే నమ్మండి.

శెట్టి మాట మీద నిలబడే మనిషి. పైపులెక్కుతాయని అన్నాడు కాబట్టి సోమవారం పైపులు ఎక్కాయి. గదిలో ముప్పాతిక భాగం అవే. కిటికీ పక్క మూల మాత్రం వదిలి, "ఇది విభాగానిది. పైపు ఒక్కటి ఇటు జరిగితే ఊరుకోను" అని పనివాళ్ళకు చెప్పాడు. తనూజ తల వంచుకుని పైపుల సందులోంచి కుర్చీ దగ్గరికి పోతుంది, వస్తుంది. ఆట మొదట్లో దుకాణం పేరు రెండింతలు పెద్దది చేయించాడు. దాని కింద, ఎవరూ చెప్పకుండానే, ఇంకో మాట రాయమన్నాడు: "ఈ బోర్లన్నీ నిజం." పాయింటు గడి కూడా బయటికి కనపడేట్టు పెట్టమని నేను చెప్పాను. తనూజ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ పెట్టమన్నాను.

అప్పట్నుంచి ఊళ్ళో నా పరువు ఏమైందని అడక్కండి. టీ బంకు దగ్గర పోరగాళ్ళు టెంకాయ చూపించి నవ్వుతారు. నవ్వనీ. నేను వాళ్ళకు కొత్త కోత ఒకటి చెప్పి టీ తాగి వస్తాను.

పోయిన వారం దర్శి వైపు నుంచి ఒకామె వచ్చింది. పేరు వెంకటసుబ్బులమ్మ, అరవై దాటి ఉంటాయి. మనవరాలి ఫోన్లో ఆట చూసిందట. మెట్లెక్కి, పైపులు దాటి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"ఏందయ్యా గురుస్వామీ, అందరి బోర్లూ ఎక్కించి మాది ఇడిసిపెట్టినారే? మేమేం తక్కువోళ్ళమా?"

"మీది ఎన్నడుగులు అత్తా?" అని అడిగింది తనూజ, వేళ్ళు మీటల మీద పెట్టి.

"ఎనిమిదొందల ఇరవై. దర్శి దాకా మాకంటే లోతు పోయినోడు లేడు. చుక్క పడలా. ఒక్క అడుగు తగ్గించి రాసినా ఈ మెట్లు దిగను."

"పాయింటు ఎవరు పెట్టారు?"

ఆమె నోరు తెరిచేలోపు నేనే చెప్పాను.

"రాయమ్మా. గురుస్వామి."